బల్దియా లెక్కలు బల్ల మీద పెట్టండి

బోధన్ పురపాలక సంఘం చైర్‌పర్సన్ గారికి, వార్డు కౌన్సిలర్లకు, కమిషనర్ గారికి,

ఈ ఉత్తరం మీ పేర్లకు కాదు, మీ కుర్చీలకు రాస్తున్నాను. మీకంటే ముందు ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లకూ, మీ తర్వాత కూర్చోబోయేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. నేను ఈ ఊళ్లో ముప్పై ఏళ్లు లెక్కల సార్‌గా పనిచేసి రిటైరయినవాణ్ని. పిల్లలు జవాబొక్కటే రాస్తే మార్కులు వేసేవాణ్ని కాదు. లెక్క ఎట్లా చేశారో చూపించమనేవాణ్ని. మిమ్మల్ని అడుగుతున్నదీ అదే. మన బల్దియాకు వచ్చే పైసలు, పోయే పైసలు మొత్తాల రూపంలో కాదు, బిల్లులు, వోచర్లు, కాంట్రాక్టు కాగితాలతో సహా ఊళ్లో ఎవరైనా వచ్చి చదువుకునేట్టు ఏడాదికి ముప్పై రోజులు ఒక బల్ల వేయండి.

ఈ ఆలోచన చాలా కాలంగా మనసులో ఉన్నదే. 2023 జూన్‌లో ఇంగ్లండ్‌లో ఉన్న మా బిడ్డ ఇంటికి పోయినప్పుడు అది గట్టిపడింది. వాళ్లుండేది లండన్‌కు నైరుతి దిక్కున సర్రే కౌంటీలోని వోకింగ్. దాన్ని అక్కడ బరో అంటారు. ఒకప్పుడు చుట్టూ కోటగోడ ఉన్న ఊరిని ఆ మాటతో పిలిచేవారట. ఇప్పుడు మనం మున్సిపాలిటీ అనేదానికి దగ్గరి మాట. 2021 జనగణన నాటికి ఆ బరోలో లక్షా మూడు వేల పైచిలుకు జనం. మన బోధన్ 2011లోనే 77 వేలు దాటింది. ఇంచుమించు మన జోడీ ఊరే.

పోయిన మూడో రోజు మా అల్లుడు నన్ను షాజహాన్ మసీదు దగ్గరికి తీసుకెళ్లాడు. బ్రిటన్‌లో మసీదుగానే కట్టిన మొట్టమొదటి కట్టడం అది, 1889 నాటిది. భోపాల్ బేగం షాజహాన్ ఇచ్చిన సొమ్ముతో లేచింది. దాన్ని ఆనుకుని ఒక ఇల్లుంది. పేరు సర్ సాలార్‌జంగ్ మెమోరియల్ హౌస్. ఆ పేరు చదివి అక్కడే ఆగిపోయాను. నిజాం రాజ్యానికి జిల్లాల వ్యవస్థ తెచ్చిన దివాను సాలార్‌జంగు. మన ఇందూరు జిల్లా ఏర్పడింది ఆయన హయాంలోనే, 1876లో. మన జిల్లా హద్దులు గీసిన మనిషి పేరు అంత దూరాన, మన ఊరంత ఊళ్లో, ఒక ఇంటి మీద కనబడేసరికి ఆ బరో నాకు పరాయి ఊరనిపించలేదు. అందుకే దాని బాగోగులు పట్టించుకున్నాను.

బాగోగుల్లో ముందు కంటపడింది దాని దివాలా. నేనక్కడ ఉన్నప్పుడే, జూన్ 7న, వోకింగ్ కౌన్సిల్ ఆర్థికాధికారి 114 నోటీసు ఇచ్చారు. 1988 నాటి వాళ్ల స్థానిక ఆర్థిక చట్టంలో 114వ సెక్షన్ అది. ఖర్చుకు తగ్గ రాబడి లేదని తేలిన రోజున ఆ సంగతి బయటికి చెప్పడం కౌన్సిల్ ఆర్థికాధికారి బాధ్యత. నాయకులు వద్దన్నా ఆగడానికి లేదు. ఆ నోటీసు పడ్డాక చట్టప్రకారం తప్పనిసరైన పనులకు తప్ప కొత్త ఖర్చు ఆపేయాలి. ఆ ఏడాది వోకింగ్ చేతిలో ఉన్న బడ్జెట్ కోటీ 60 లక్షల పౌండ్లు. తేలిన లోటు అంచనా 120 కోట్ల పౌండ్లు. డెబ్బై ఐదు రెట్లు. లెక్కల సార్‌ను కాబట్టి రెండుసార్లు భాగించి చూసుకున్నాను.

లక్ష మంది ఊరికి అంత అప్పెట్లా అయింది? ఊరి నడిబొడ్డున ముప్పై అంతస్తులు దాటిన భవనాలు, పెద్ద హోటలు, దుకాణాలు కట్టారు. విక్టోరియా స్క్వేర్ అని దాని పేరు. ప్రభుత్వ రుణసంస్థ నుంచి కౌన్సిల్ అప్పు తెచ్చి, తన వాటా ఉన్న కంపెనీలకు ఇచ్చింది. అద్దెలొస్తాయి, అప్పు తీరుతుంది, ఊరు వెలుగుతుంది అనుకున్నారు. వచ్చిన అద్దె వడ్డీకి సరిపోలేదు. చివరికి లండన్ ప్రభుత్వం తన మనుషుల్ని పెట్టి పగ్గాలు చేతికి తీసుకుంది. 2024లో ఊరి పన్ను దాదాపు 10 శాతం పెంచారు, సేవలు తగ్గించారు. 2025 అక్టోబరులో ఆ ప్రభుత్వం ఇంకో నిర్ణయం ప్రకటించింది. సర్రేలోని బరోలన్నిటినీ రద్దు చేసి ఆ కౌంటీని రెండు పెద్ద కౌన్సిళ్లుగా చేస్తారట. వోకింగ్ బరో పటంలోంచి పోతుంది.

ఆ దివాలా కథ వింటున్నప్పుడే వాళ్ల మరో చట్టం గురించి మా బిడ్డ చెప్పింది. 2014 నాటిది. ప్రతి కౌన్సిల్ ఏటా ముప్పై పనిదినాలు తన లెక్కలను జనం చూడ్డానికి తెరిచి ఉంచాలి. పద్దుల పుస్తకాలు, ఒప్పందాలు, బిల్లులు, వోచర్లు, రసీదులు అన్నీ. చూసి నకళ్లు తీసుకోవచ్చు. ఆ ఊరి ఓటరైతే ఆడిటర్‌ను నేరుగా ప్రశ్న అడగొచ్చు, ఈ ఖర్చు చెల్లదని రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పొచ్చు. ఇది కొత్తగా పుట్టిన హక్కు కాదు. 1835కు ముందు ఇంగ్లండ్ బరోలు కొందరు పెద్దమనుషుల గుప్పిట్లో ఉండేవి. సభ్యుల్ని వాళ్లకు వాళ్లే ఎన్నుకునేవారు. లెక్క అడిగే దిక్కుండేది కాదు. 1835 చట్టం 178 బరోల్లో ఆ పద్ధతిని మార్చింది. పన్ను కట్టేవాళ్లే కౌన్సిల్‌ను ఎన్నుకోవాలని, లెక్కలు ఆడిట్ అయి పన్ను కట్టేవాళ్ల ముందుకు రావాలని పెట్టింది. ఓటు హక్కూ లెక్క చూసే హక్కూ అక్కడ ఒకే చట్టంలో కవలల్లా పుట్టాయి. మన దగ్గర ఓటు వచ్చింది. రెండోది ఇంకా దారిలోనే ఉంది.

ఇక్కడ మీరు నన్నొక ప్రశ్న అడగాలి. నా విద్యార్థులైతే తప్పకుండా అడిగేవాళ్లు. అంత మంచి హక్కుండి కూడా వోకింగ్ ఎందుకు మునిగింది సార్? నాకు తోచిన జవాబు చెబుతాను. అప్పు కౌన్సిల్‌ది, కట్టడం మాత్రం కంపెనీది. అసలు కథ కంపెనీ పుస్తకాల్లో నడిచింది. పైగా ఇంగ్లండ్‌లో ఆడిట్లు వందల సంఖ్యలో, ఏళ్ల తరబడి వెనకబడిపోయాయి. ఆడిట్ కాని లెక్క మీద ప్రశ్న వేసినా దానికి పదునుండదు. తలుపు తెరిచే ఉంది, కానీ సరుకు వేరే గదిలో ఉంది. అందుకే నేను అడుగుతున్న బల్ల మీద బల్దియా పద్దులొక్కటే చాలవు. బల్దియా తరఫున ఎవరు పైసలు ఖర్చు పెట్టినా, ఏజెన్సీ కానీ కాంట్రాక్టరు కానీ, ఆ కాగితం కూడా అక్కడికి రావాలి.

ఇంతా చెప్పి ఇంగ్లండ్‌ను నెత్తిన పెట్టుకోమనడం లేదు. చూడాల్సింది అక్కడ కౌన్సిలర్ పదవికి జనం ఇచ్చిన విలువ. ప్రపంచమంతా చదివిన నాటకకర్త బెర్నార్డ్ షా 1897 నుంచి 1903 దాకా లండన్‌లోని సెయింట్ పాంక్రాస్‌లో మొదట పాత స్థానిక మండలిలో, తర్వాత బరో కౌన్సిల్‌లో సభ్యుడిగా పనిచేశాడు. ఆయన పోరాడిన సంగతుల్లో ఒకటి, ఊళ్లో ఆడవాళ్లకు మరుగుదొడ్డి కావాలని. అదే బరోలో 1934 నుంచి 1947 దాకా మన వి.కె. కృష్ణమీనన్ కౌన్సిలర్. తర్వాత మన దేశానికి రక్షణ మంత్రి అయిన మనిషి అక్కడ గ్రంథాలయాల సంఘం చూశాడు. ఆ బరో తన అత్యున్నత గౌరవాన్ని షాకు ఇచ్చింది, ఆ తర్వాత 1955లో మీనన్‌కు ఇచ్చింది. మరుగుదొడ్డి, గ్రంథాలయం, మోరి, వీధి దీపం... కౌన్సిలర్ చేతిలో ఉండేవి ఇవే. ఎడపల్లి, రెంజల్, కోటగిరి, వర్ని నుంచి బోధన్ బజారుకు వచ్చే ఆడవాళ్లకు ఈ పట్టికలో మొదటిదే అన్నిటికంటే పెద్దది. దాని మీద ఏటా ఎంత ఖర్చవుతుందో, ఆ ఖర్చుకు తాళం తీసి ఉన్న తలుపులెన్నో ఆ బల్ల దగ్గర కూర్చున్న ఏ ఇల్లాలైనా చదివి చెప్పగలగాలి.

కౌన్సిల్ సమావేశాల సంగతీ అంతే. 1960లో ఒక కొత్త సభ్యురాలు బ్రిటిష్ పార్లమెంటులో తన తొలి ప్రసంగంలోనే ఒక ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టింది. స్థానిక సంస్థల సమావేశాలకు జనాన్ని, విలేకరులను రానివ్వాలన్నది దాని సారం. అది చట్టమైంది. ఆమె మార్గరెట్ థాచర్. ఆమె తర్వాతి రాజకీయాలు నాకు నచ్చవు, ఆ బిల్లు మాత్రం నచ్చింది. మనం కౌన్సిల్ సమావేశంలో ఏమైందో మరునాడు జిల్లా పేజీలో నాలుగు వాక్యాల్లో తెలుసుకుంటున్నాం. ఎజెండా వారం ముందు తెలుగులో, ఉర్దూలో గోడకు అంటించి, హాల్లో వెనక యాభై కుర్చీలు వేస్తే ఖర్చేమీ కాదు.

మన ఊరికి ఈ అవసరం ఇంకెక్కడికంటే ఎక్కువని నేననడానికి కారణం షక్కర్‌నగర్, మన చక్కెర ఫ్యాక్టరీ ఉన్న పేట.

మంజీర మీద నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. కాలువ నీళ్లొచ్చాయి, నీళ్ల వెంట చెరకొచ్చింది, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని పేరు. భోంగా మోగితే ఊరంతా గడియారం సరిచూసుకునేది. సీజన్‌లో గాలికి బెల్లపు పాకం వాసన ఉండేది. మా నాయిన చెరకు రైతు. కాటా దగ్గర ఇచ్చిన తూకం చీటీని రుమాల్లో కట్టి, ఇంటికొచ్చి దీపం ముందు నాతో లెక్క కట్టించేవాడు. టన్నులు, క్వింటాళ్లు, రేటు, కోతలు. నాకు లెక్కలు నేర్పింది ఆ చీటీలే. చీటీ లేని తూకాన్ని నాయిన నమ్మేవాడు కాదు.

షక్కర్‌నగర్‌లో క్వార్టర్లు, బడి, దవాఖాన, వీధి దీపాలు, నల్లాలు అన్నీ ఫ్యాక్టరీవే. చెప్పాలంటే మా చిన్నప్పుడు బోధన్‌కు రెండు ప్రభుత్వాలు. ఒకటి బల్దియా, రెండోది ఫ్యాక్టరీ. రెండోదే బలమైనది. దానికి ఓటు లేదు. దాని లెక్క ఊరికి తెలిసేది కాదు. తెలియాల్సిన అవసరం ఉందని ఊరూ అనుకోలేదు, కడుపు నిండుతుంటే ఎవరనుకుంటారు? 2002లో ప్రభుత్వం ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికిచ్చింది. 2015 డిసెంబరు 23న లేఆఫ్. బోధన్‌తో పాటు మెట్‌పల్లి దగ్గర ముత్యంపేట, మెదక్ దగ్గర మంబోజిపల్లి యూనిట్లూ మూతపడ్డాయి. 2019లో కంపెనీ లిక్విడేషన్‌కు పోయింది. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మళ్లీ తెరిపించడానికి మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేసింది. ఈలోగా చెరకు చేలు చాలావరకు వరి మళ్లయ్యాయి. ఎవరిది తప్పన్న వాదంలోకి నేనిప్పుడు దిగడం లేదు. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. వోకింగ్‌లో ఊరి ఖజానా ఖాళీ అయిన రోజున ఒక అధికారి చట్టప్రకారం ఊరికి చెప్పాడు. మన ఊరి బతుకు ఏళ్లకేళ్లు కరిగిపోతుంటే, ఇదిగో ఇక్కడిదాకా వచ్చింది అని మనకు ముందుగా చెప్పాల్సిన బాధ్యత ఎవరి మీదా లేకపోయింది.

ఆ రెండో ప్రభుత్వం పోయింది. ఇక ఊరి చేతిలో మిగిలింది బల్దియా ఒక్కటే. దాని పైసలు మన ఇంటి పన్ను, నల్లా పన్ను, దుకాణం లైసెన్సు, రాష్ట్రం, కేంద్రం ఇచ్చే గ్రాంట్లు. ఫ్యాక్టరీ లెక్క అడిగే హక్కు మనకు లేదనుకున్నాం. బల్దియా లెక్క విషయంలో ఆ సాకు చెప్పడానికి వీల్లేదు.

రాజ్యాంగం 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. పాలకవర్గం గడువు అయిదేళ్లు, ఆ గడువు ముగిసేలోపే ఎన్నిక పూర్తి కావాలి అని అందులో స్పష్టంగా ఉంది. 2020 జనవరిలో ఎన్నికైన మన పాలకవర్గం గడువు 2025 జనవరి చివర ముగిసింది. అప్పటికి కొత్త పాలకవర్గం సిద్ధంగా లేదు. రాష్ట్రంలో చాలా మున్సిపాలిటీల్లాగే మనకూ ప్రత్యేకాధికారి వచ్చారు. అధికారులు పని చేయలేదని నేననను. కానీ పొద్దున్నే చాయ్ హోటల్ దగ్గర కౌన్సిలర్‌ను పట్టుకుని మా గల్లీ మోరి సంగతేంది అని అడిగే వీలు ఊరికి పోయింది. ఆ వీలు విలువ పోయినప్పుడే తెలిసింది. కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లకు ఎన్నికైన పాలకవర్గం ఉండాలన్న షరతు ఒకటుంది కాబట్టి ఆలస్యానికి ఊరు రెండు విధాల మూల్యం కట్టింది.

2019 నాటి మన పురపాలక చట్టంలో మంచి ఏర్పాటొకటి ఉంది. ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు. యువకులది ఒకటి, మహిళలది ఒకటి, వయసు మళ్లినవాళ్లది ఒకటి, ఊరి ప్రముఖులది ఒకటి. ఒక్కోదాంట్లో 15 మంది. 2020 ఎన్నికల నాటికి మన వార్డులు 38. అంటే 2,280 మంది. ఇంత మందికి ఊరి పనిలో చోటిచ్చిన చట్టం మనది, ఈ విషయంలో ఏ బరోకూ మనం తీసిపోం. ఆ 2,280 మందికీ వాళ్ల వార్డు పద్దు చేతికిచ్చారనుకోండి. ఏ గల్లీలో సిమెంటు రోడ్డు ఎన్ని మీటర్లు రాశారు, ఎన్ని మీటర్లు పోశారు, ఎన్ని వీధి దీపాలకు బిల్లు కట్టారు, ఎన్ని వెలుగుతున్నాయి అన్నది ఒక్క సాయంత్రంలో తేలుతుంది. ఇంచుటేపు, కాగితం, ఇద్దరు ఇంటర్ పిల్లలు ఉంటే చాలు. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని ఆ చట్టం పట్టుబట్టింది. అంత పట్టుదల పైసల విషయంలో మీరు చూపించండి, చట్టం చెప్పేదాకా ఆగకండి.

ఇది మన నేలకు కొత్త కూడా కాదు. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ దేశానికి చేసి చూపించింది తెలుగు పల్లెలే. 2009లో ఉమ్మడి రాష్ట్రం దానికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీనే పెట్టింది. ఊళ్లో ప్రజావేదిక వేసి, మస్టర్లు గట్టిగా చదివి, నీకు ఇన్ని రోజుల కూలి ముట్టిందా అని ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడుగుతారు. అక్షరం రాని కూలి మనిషి లేచి ముట్టలేదు అంటే అధికారి జవాబు చెప్పాలి. బోధన్ చుట్టూ పల్లెల్లో జరిగే ఈ పని బోధన్ పట్నంలో జరగకపోవడానికి నాకు ఒక్క కారణమూ కనబడదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కూడా కాగితం అడగడంతో ఆగలేదు. పనిని చూసే హక్కు, రికార్డును తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు అందులో ఉన్నాయి. ఒక్కొక్క మనిషి దరఖాస్తు పెట్టి నెల రోజులు ఎదురుచూసే బదులు, అందరికీ ఒకేసారి, అడగకుండానే చూపించమని నేను కోరుతున్నాను.

మీలో కొందరికి ఒక భయం ఉంటుంది. బల్ల వేస్తే పని చేయనివ్వకుండా రోజూ గొడవ పెట్టేవాళ్లు వస్తారని. మొదటి ఏడాది కొందరు వస్తారు. రెండో ఏడాదికి నిజంగా చదివేవాళ్లే మిగులుతారు. లెక్క సరిగ్గా రాసిన గుమాస్తాకు, నిజాయితీగా పని చేయించిన కౌన్సిలర్‌కు ఆ బల్ల రక్ష. అందరూ తింటారన్న మాట ఊళ్లో తిరుగుతున్నప్పుడు, తిననివాడు తాను తినలేదని చూపించుకునే చోటు ఎక్కడుంది చెప్పండి?

కాబట్టి నా విన్నపం. ఆర్థిక సంవత్సరం ముగిశాక, ఎండలు తగ్గి వానలు మొదలయ్యే జూన్ నెలలో, కార్యాలయం వరండాలో ముప్పై పనిదినాలు ఒక బల్ల, నాలుగు కుర్చీలు, నకళ్లు తీసే యంత్రం పెట్టండి. కాగితాలు వార్డువారీగా కట్టలు కట్టండి. తెలుగు, ఉర్దూ చదివి వినిపించడానికి ఒక మనిషిని కూర్చోబెట్టండి. ముప్పయ్యో రోజు తర్వాత ఒక ఆదివారం ప్రజావేదిక పెట్టి, వచ్చిన ప్రశ్నలకు అందరి ముందూ జవాబు చెప్పండి. దీనికి హైదరాబాద్ నుంచి ఉత్తర్వు అక్కర్లేదు. కౌన్సిల్ ఒక తీర్మానం చేస్తే చాలు.

చదవడానికి మనుషులు కావాలంటే మేమున్నాం. ఊళ్లో రిటైరైన టీచర్లం, బ్యాంకు ఉద్యోగులం, పాత గుమాస్తాలం పదకొండు మందిమి ఇప్పటికే పేర్లు రాసుకున్నాం. అందులో ఇద్దరికి ఉర్దూ బాగా వచ్చు. కూలి అడగం. బల్ల ఏ తేదీన వేస్తారో చెప్పండి.

బోధన్ నివాసి,
ఒక రిటైర్డ్ లెక్కల ఉపాధ్యాయుడు